వర్క్ పర్మిట్‌కు ఏడాదిన్నరే గడువు, స్కోరు 485: కెనడా పీఆర్‌కు (శాశ్వత నివాస హక్కుకు) ఏ దారి పట్టాలి?

ఓరుగల్లు అమ్మాయి | 2026 జనవరి

అందరికీ నమస్కారం. మాది వరంగల్. హైదరాబాద్‌లో కొంతకాలం ఉద్యోగం చేసి, 2022 సెప్టెంబరులో కెనడా వచ్చాను. ఒంటారియోలోని ఒక ప్రభుత్వ కాలేజీలో రెండేళ్ళ కోర్సు 2024 ఏప్రిల్‌లో పూర్తయింది. ఆ జులైలో మూడేళ్ళ పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ వచ్చింది, అది 2027 జులైతో ముగుస్తుంది. కోర్సు పూర్తయ్యాక కొన్ని నెలలు ఒక సూపర్ మార్కెట్‌లో క్యాషియర్‌గా పనిచేశాను. 2024 నవంబరు నుంచి మిసిసాగాలోని ఒక చిన్న సంస్థలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పూర్తికాలపు ఉద్యోగంలో ఉన్నాను.

నాకు ఇప్పుడు 29 ఏళ్ళు, వచ్చే సెప్టెంబరులో 30 నిండుతాయి. పెళ్ళి కాలేదు. చదువు బీటెక్, దానిపై ఇక్కడి డిప్లొమా. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 8, రీడింగ్ 7.5, స్పీకింగ్ 7 వచ్చాయి, రైటింగ్ మాత్రం రెండు సార్లూ 6.5 దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం పర్మనెంట్ అయినప్పటి నుంచి లెక్కిస్తే నా అనుభవం రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఇవన్నీ వేసి చూసుకుంటే పీఆర్ కోరేవారిని పాయింట్లతో ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో నా స్కోరు 485 అని వస్తున్నది. నేను గమనించినంతవరకు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ (కెనడాలో పని అనుభవం ఉన్నవారి వర్గం) వారికి 2025లో జరిగిన డ్రాలలో (ఒక స్కోరు దాటినవారికి దరఖాస్తు ఆహ్వానాలు పంపే విడతలలో) ఒక్కటి కూడా 515 కంటే కిందికి దిగలేదు, ఒక దశలో 547 దాకా కూడా వెళ్ళింది.

బ్రాంప్టన్‌లో ఒక ఏజెంటు తనకు పాతిక వేల డాలర్లు ఇస్తే ఎల్‌ఎంఐఏతో (విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి యజమానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతితో) జాబ్ ఆఫర్ ఇప్పిస్తానని, దానితో 50 పాయింట్లు కలిసి పీఆర్ ఖాయమని చెబుతున్నాడు. నాన్నగారు "బ్యాంకు అప్పు ఎలాగూ తీరుస్తున్నాం, ఇంకొంచెం తెద్దాంలే" అంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు. ఈ దారిలో ముందు నడిచినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మంచులో మామిడి

ఓరుగల్లు అమ్మాయి గారికి, నేను కూడా చదువు, వర్క్ పర్మిట్, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ అనే వరుసలోనే పోయినేడు పీఆర్ పొందాను. ఏజెంటు సంగతి మరొకరు చెబుతారు, నేను మీ లెక్క దగ్గరే ఉంటాను, ఎందుకంటే మీరు వదిలేసిన పాయింట్లు మీ మాటల్లోనే ఉన్నాయి.

మీ 485 సరైనదే. వయసుకు 110, రెండు చదువులకు కలిపి 128, ఇంగ్లీషులో మూడు విభాగాలకు 31 చొప్పున, రైటింగ్‌కు 23, అంటే 116, ఇక్కడి ఏడాది అనుభవానికి 40. ఇవి కలిస్తే 394. చదువును భాషతోను, ఇక్కడి అనుభవంతోను జత చేసి ఇచ్చే పాయింట్లు మీకు గరిష్ఠమైన 50కి చేరాయి. భారతదేశంలోని అనుభవానికి భాషతో 13, ఇక్కడి పనితో 13, అంటే 26. ఇక్కడ రెండేళ్ళు చదివినందుకు 15. అన్నీ కలిస్తే 485.

"ఉద్యోగం పర్మనెంట్ అయినప్పటి నుంచి" అని మీరు రాసిన మాట దగ్గర నేను ఆగాను. అంతకుముందు ట్రైనీగా ఎంతకాలం ఉన్నారు? మన హైదరాబాద్ కంపెనీలలో ఆరు నెలల ట్రైనీ కాలం మామూలే కదా. ఆ కాలంలో మీకు జీతం వచ్చి ఉండి, మీరు పూర్తికాలం టెస్టింగ్ పనే చేసి ఉంటే, అపాయింట్‌మెంట్ లెటర్‌లో "ట్రైనీ" అని ఉన్నంత మాత్రాన ఆ నెలలు మీవి కాకుండా పోవు. తరగతి గదిలో పాఠాలు విన్న కాలమే అయితే మాత్రం దానిని కలపవద్దు. ఆ ఆరు నెలలు కలిస్తే మీ అనుభవం మూడేళ్ళు దాటుతుంది. విదేశీ అనుభవానికి సంబంధించి ఈ పద్ధతిలో పెద్ద గీత ఆ మూడేళ్ళ దగ్గరే ఉంది. అప్పుడు 13, 13 అన్నవి 25, 25 అవుతాయి, అంటే మరో పరీక్ష రాయకుండానే మీ స్కోరు 509కి చేరుతుంది.

ఇక రైటింగ్. 6.5 అంటే కెనడా భాషా స్థాయుల కొలమానమైన సీఎల్‌బీలో 8, 7 వస్తే 9. మూడేళ్ళ అనుభవం రుజువైతే రైటింగ్‌లో ఆ అర బ్యాండు మీకు ఎనిమిది పాయింట్లే ఇస్తుంది, 517 అవుతుంది. మూడేళ్ళు రుజువు కాకపోతే అదే అర బ్యాండు ఇరవై పాయింట్లు ఇచ్చి 505 దగ్గర నిలబెడుతుంది. అనుభవం విభాగానికి 50 అనే గరిష్ఠ పరిమితి ఉండడమే దీనికి కారణం. అందువల్ల మీరు ముందుగా వెతకవలసింది కోచింగ్ సెంటరును కాదు, పాత పే స్లిప్పులను.

ఇక్కడి ఉద్యోగంలో వచ్చే నవంబరుకు రెండేళ్ళు నిండుతాయి, అప్పుడు 40 కాస్తా 53 అవుతుంది. కాని ఆలోగా సెప్టెంబరులో 30 నిండి వయసు పాయింట్లు 110 నుంచి 105కు తగ్గుతాయి. పై రెండూ సమకూరితే నవంబరు నాటికి 525 దగ్గర ఉంటారు. డిసెంబరులో కటాఫ్ 515కు దిగింది కాబట్టి ఈ అంకెలు గాలిలో మేడలు కావు. అయితే వచ్చే డ్రా ఎంత దగ్గర ఆగుతుందో ముందే చెప్పగలిగేవారు ఎవరూ లేరు. 2021 ఫిబ్రవరి 13న ఇదే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసులో కటాఫ్ 75కు పడిపోయి, ఒకే రోజు 27,332 మందికి ఆహ్వానాలు వెళ్ళాయి. ఆ రోజు ప్రొఫైల్ వేసి ఉంచనివారు ఇప్పటికీ బాధపడుతుంటారు. అందువల్ల స్కోరు పెరిగాక వేద్దామని కూర్చోకుండా ప్రొఫైల్‌ను ఈ రోజే వేసి ఉంచండి, తరువాత మార్చుకోవచ్చు.

క్యాషియర్‌గా చేసిన నెలలను కెనడా అనుభవంలో కలపకూడదు. నైపుణ్యాన్ని బట్టి ఉద్యోగాలకు ఇచ్చే అంచెలలో అది టియర్ 5 ఉద్యోగం, టియర్ 0 నుంచి 3 వరకు ఉన్నవే లెక్కలోకి వస్తాయి. చదువుకుంటూ చేసిన పార్ట్ టైమ్ పని, కో-ఆప్ (కోర్సులో భాగంగా చేసే ఉద్యోగం) కూడా ఈ లెక్కలోకి రావు.

బ్రాంప్టన్ బాటసారి

ఎల్‌ఎంఐఏ గురించి నేను చెబుతాను. ఆ ఏజెంటు మీకు అమ్ముతున్నది లేని సరుకు. జాబ్ ఆఫర్‌కు ఇచ్చే 50 పాయింట్లను, పెద్ద మేనేజర్ ఉద్యోగాలకు ఇచ్చే 200 పాయింట్లను 2025 మార్చి 25 నుంచి పూర్తిగా తీసివేశారు, అది కూడా ఇలా ఆఫర్లను కొనడం, అమ్మడం పెరిగిపోయిందన్న కారణంతోనే. ఇవాళ మీ చేతిలో నిజమైన ఎల్‌ఎంఐఏ ఉన్నా మీ స్కోరు ఒక్క పాయింటు కూడా పెరగదు. అది తెలియక అతడు చెప్పి ఉంటే అతడికి పని రాదు, తెలిసే చెప్పి ఉంటే సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. లేని ఉద్యోగాన్ని ఉన్నట్టు చూపితే ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 40వ సెక్షన్ కింద తప్పుడు సమాచారంగా పరిగణించి, ఐదేళ్ళ పాటు కెనడాలోకి రానివ్వరు. దరఖాస్తుపై సంతకం మీదే ఉంటుంది కాబట్టి "నాకు తెలియదు, ఏజెంటు చేశాడు" అనే మాట అక్కడ చెల్లదు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవారెవరైనా న్యాయవాది, లైసెన్సున్న పారాలీగల్ లేదా క్యూబెక్ నోటరీ అయినా అయి ఉండాలి, లేదా కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వారి లైసెన్సు ఉన్నవారైనా అయి ఉండాలి. ఆ సంస్థ వెబ్‌సైటులో పేరు కొట్టి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నేను చూసినవారిలో సగం మంది అద్దాల ఆఫీసు, గోడ మీద మేపుల్ ఆకు జెండా ఉన్నవారే తప్ప జాబితాలో పేరు ఉన్నవారు కారు.

మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పండి: కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసులో దరఖాస్తు చేసేవారు బ్యాంకులో డబ్బు నిల్వ కూడా చూపనక్కరలేదు. 2026 జనవరి నాటికి దరఖాస్తు రుసుము, పీఆర్ హక్కు రుసుము కలిపి 1,525 డాలర్లు, దానిపై బయోమెట్రిక్స్, మెడికల్ పరీక్ష, పీసీసీల (పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ల) ఖర్చు. ఏ ఏజెంటుకూ ఏమీ ఇవ్వవలసింది లేదు.

ముప్పైలో ఫ్రెంచి

ఇద్దరూ ఇంగ్లీషు దారినే చెప్పారు కాబట్టి నేను పట్టిన దారి కూడా చెబుతాను. ఐటీ వారికి ఒకప్పుడు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) వర్గం ద్వారా తక్కువ స్కోరుతో పిలుపు వచ్చేది. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితాను కుదించినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, డేటా సైంటిస్టులు బయటికి వెళ్ళి, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు, సైబర్ సెక్యూరిటీ నిపుణులు మిగిలారు. మన తెలుగువారిలో ఎక్కువమందికి ఆ తలుపు మూసుకున్నట్టే. కాని ఫ్రెంచి వర్గం తెరిచే ఉంది. 2025 మార్చి 21న ఆ వర్గంలో 7,500 మందిని 379 స్కోరుతోనే పిలిచారు.

టీఈఎఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా అనే ఫ్రెంచి పరీక్షలో నాలుగు విభాగాలలోనూ ఏడవ స్థాయి రావాలి, యూరోపియన్ కొలమానంలో సుమారుగా బీ2 అన్నమాట. మీ ఇంగ్లీషు ఎలాగూ బాగుంది కాబట్టి అదనంగా 50, రెండవ భాషగా మరో 12, మొత్తం 62 పాయింట్లు కలుస్తాయి. అంటే ఇప్పుడున్న 485 మీదే 547 అవుతుంది, ఫ్రెంచి డ్రా లేకపోయినా చాలు.

నాకు దీనికి పద్నాలుగు నెలలు పట్టింది. రోజూ ఉదయం ఆఫీసుకు ముందు గంట, శనివారాలు టొరంటోలోని అలియాన్స్ ఫ్రాన్సేజ్ తరగతులు. రాయడం, చదవడం తొందరగానే వచ్చాయి. నన్ను ఏడిపించింది వినడం. రాసిన ప్రతి అక్షరాన్నీ పలికే భాషలో పుట్టిన మనకు, మాట చివర నాలుగు అక్షరాలు రాసి ఒక్కటీ పలకని భాష మొదట మోసంలాగే కనిపిస్తుంది. మూడు నెలల పాటు రేడియో-కెనడా వార్తలు పెట్టుకుని అర్థం కాకపోయినా విన్నాను, ఒకరోజు హఠాత్తుగా మాటలు విడివిడిగా వినిపించడం మొదలైంది. మీకు పద్దెనిమిది నెలలు ఉన్నాయి. ఇది ఇవాళ మొదలుపెడితేనే పనికివచ్చే దారి, 2027లో గుర్తొస్తే పనికిరాదు. వారానికి పది గంటలు ఇవ్వలేనని అనిపిస్తే మాత్రం మొదలుపెట్టవద్దు. సగంలో ఆపిన ఫ్రెంచికి పాయింట్లు లేవు.

హాలిఫాక్స్ వాసి

నేను నోవా స్కోషియాలో చదివి, అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ ప్రోగ్రామ్ ద్వారా పీఆర్ పొందినవాడిని. ఇది నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్, న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్ అనే నాలుగు రాష్ట్రాలకు మాత్రమే. దీనిలో సీఆర్‌ఎస్ స్కోరుతో, అంటే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పాయింట్లతో, పని లేదు. ఆ రాష్ట్రం గుర్తించిన యజమాని నుంచి ఉద్యోగం ఉండాలి. అక్కడే రెండేళ్ళు చదివి, పట్టా రావడానికి ముందు రెండేళ్ళలో కనీసం పదహారు నెలలు అక్కడ నివసించినవారికి పని అనుభవం కూడా అడగరు. నాకు ఆ వెసులుబాటు దొరికింది. మీరు ఒంటారియోలో చదివారు కాబట్టి అది వర్తించదు, కాని ఏడాది అనుభవం ఉంది కాబట్టి ఉద్యోగం దొరికితే అర్హులే.

అయితే ఆశ పెట్టుకునే ముందు ఒక మాట. 2025కు ఈ పథకం కింద కేటాయించినవి 5,000 స్థానాలే. రాష్ట్రాలు వాటిని ఎక్కువగా వైద్యం, నిర్మాణం వంటి రంగాలకు ఇస్తున్నాయి. టెస్టింగ్ ఉద్యోగం కోసం మిసిసాగాలోని ఉద్యోగం వదిలి ఇటు వస్తే, నవంబరుకు నిండవలసిన మీ రెండేళ్ళు అక్కడే ఆగిపోవచ్చు. రాష్ట్రాల నామినేషన్ (ఒక రాష్ట్రమే మిమ్మల్ని పీఆర్‌కు ఎంపిక చేయడం) సంగతి కూడా అంతే. అది దొరికితే 600 పాయింట్లు కలిసి పని అయిపోతుంది కాని, 2025లో ఆ స్థానాలను అంతకుముందున్న 1,10,000 నుంచి 55,000కు, అంటే సగానికి తగ్గించారు. 2026కు 91,500గా ప్రకటించారు కాబట్టి ఒంటారియో ప్రకటనలపై ఒక కన్ను వేసి ఉంచండి. మీ స్థానంలో నేనుంటే ఉన్న ఉద్యోగాన్ని కదపను.

ఓరుగల్లు అమ్మాయి | మరుసటి వారం

అందరికీ కృతజ్ఞతలు. మంచులో మామిడి గారు అడిగిన ప్రశ్నతో అమ్మ చేత బీరువాలోని పాత ఫైలు వెతికించాను. 2019 మే నాటి అపాయింట్‌మెంట్ లెటర్ దొరికింది. మొదటి నెల నుంచే జీతం, పీఎఫ్ కోత రెండూ ఉన్నాయి. రెండవ వారం నుంచే నన్ను ప్రాజెక్టులో వేశారు కాబట్టి నేను చేసింది టెస్టింగ్ పనే. 2022 జులైలో మానేశాను, అంటే మొత్తం మూడేళ్ళ రెండు నెలలు. ఏజెంటుకు వద్దని చెప్పేశాను.

ఇప్పుడు రెండు సందేహాలు. ఆ కంపెనీ హెచ్ఆర్ వారు హోదా, తేదీలు మాత్రమే ఉన్న సర్వీస్ లెటర్ తప్ప, చేసిన పనుల వివరాలు రాసి ఇవ్వము అంటున్నారు. రెండవది చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది. ఇంట్లో ఒక సంబంధం దాదాపు కుదిరింది, శ్రావణంలో ముహూర్తం పెడదాం అంటున్నారు. అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటారు, బీటెక్ చదివారు. పెళ్ళి చేసుకుంటే నా స్కోరు ఏమవుతుంది? పీఆర్ వచ్చేదాకా ఆగమని చెప్పాలా?

మంచులో మామిడి

మొదటిదానికి: హెచ్ఆర్ ఇవ్వకపోతే, అప్పట్లో మీ పైన పనిచేసిన మేనేజర్ లేదా టీమ్ లీడ్ చేత మీరు చేసిన పనులు, వారానికి పనిగంటలు, తేదీలు వివరంగా రాసిన అఫిడవిట్‌ను స్టాంపు పేపరుపై నోటరీ చేయించుకుని, సర్వీస్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ పాస్‌బుక్‌లతో కలిపి, కంపెనీ ఎందుకు ఇవ్వలేదో వివరించే ఉత్తరంతో జతచేయడం చాలామంది చేసే పని. నేనూ అదే చేశాను. హెచ్ఆర్‌కు మీరు పంపిన ఈమెయిలు, వారు ఇవ్వమని రాసిన జవాబు రెండూ తప్పకుండా జతచేయండి. పనుల వివరాలను ఎన్‌ఓసీ (కెనడాలోని ఉద్యోగాల అధికారిక వర్గీకరణ) వెబ్‌సైటు నుంచి యథాతథంగా దింపి రాయించవద్దు. ఆ వాక్యాలు అధికారులకు కంఠస్థం.

రెండవదానిలో మొహమాటపడవలసింది ఏమీ లేదు, ఈ ప్రశ్న మన వాళ్ళలో ప్రతి రెండవ ఇంట్లో వస్తుంది. పెళ్ళి అయ్యేవరకు నిశ్చితార్థం లెక్కలోకి రాదు, మీరు అవివాహితే. పెళ్ళయిన రోజు నుంచి భర్త వివరాలు ప్రొఫైల్‌లోకి రావాలి. ఆయన మీతో పాటే వస్తున్నట్టు చూపితే పట్టిక మారుతుంది: వయసుకు 110 బదులు 100, చదువుకు 128 బదులు 119, సీఎల్‌బీ 9 ఇంగ్లీషుకు 124 బదులు 116, ఇక్కడి ఏడాది అనుభవానికి 40 బదులు 35. మొత్తం 32 పాయింట్లు తగ్గుతాయి. అందుకు బదులు ఆయన బీటెక్‌కు ఈసీఏ (విదేశీ చదువు కెనడాలో దేనికి సమానమో తేల్చే ధ్రువపత్రం) చేయిస్తే 8, ఇంగ్లీషులో నాలుగింటిలోనూ సీఎల్‌బీ 9 తెస్తే 20 తిరిగి వస్తాయి. అంటే ఆయన పరీక్ష రాస్తే నష్టం నాలుగు పాయింట్లే, రాయకపోతే ముప్పై రెండు. పెళ్ళిచూపులలో అడగవలసిన ప్రశ్నల్లో ఐఈఎల్‌టీఎస్ కూడా చేరిందని మా బాబాయి వేళాకోళం చేసేవాడు.

ఆయన మీతో రావడం లేదని చూపితే మీ పాయింట్లు అవివాహితవిగానే ఉంటాయి, పీఆర్ వచ్చాక స్పాన్సర్ చేసి పిలిపించుకోవచ్చు. కాని రాకపోయినా ఆయన పేరు దరఖాస్తులో ఉండి తీరాలి, మెడికల్ కూడా చేయించాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. దరఖాస్తు వేశాక, పీఆర్ రావడానికి ముందు పెళ్ళి చేసుకుని, "ఇప్పుడెందుకు చెప్పడం, ఆలస్యమవుతుంది" అని దాచిపెడితే, మీరు ప్రకటించని ఆ భర్తను ఆ తరువాత కుటుంబ వర్గంలో స్పాన్సర్ చేసే హక్కు సాధారణంగా ఉండదు. కాబట్టి ఆహ్వానం వచ్చాక ముహూర్తం పడితే పెళ్ళయిన వెంటనే వారికి తెలియజేయండి. పెళ్ళిని ఆపమని నేను చెప్పను, దాచవద్దని మాత్రమే చెబుతాను.

ఇంకో రెండు చూసుకోండి. మీ ఈసీఏ ఐదేళ్ళకే చెల్లుతుంది, మీరు కెనడా వచ్చే ముందు 2021లో చేయించి ఉంటే ఈ ఏడాదితో గడువు తీరవచ్చు. ఐఈఎల్‌టీఎస్ గడువు రెండేళ్ళే, అది ప్రొఫైల్ వేసిన రోజునే కాక దరఖాస్తు వేసే రోజుకు కూడా చెల్లుబాటులో ఉండాలి. ఆహ్వానం వచ్చాక అరవై రోజులే ఇస్తారు. 2025 ఆగస్టు 21 నుంచి మెడికల్ కూడా ముందే చేయించి దరఖాస్తుతో కలపాలి. అందుకని మన దేశపు పీసీసీ వంటివి ఎన్ని రోజులు తీసుకుంటాయో ఇప్పుడే విచారించి పెట్టుకోండి. దరఖాస్తు అందినట్టు లేఖ వచ్చిన తరువాత, వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతుంటే, పీఆర్ నిర్ణయం వచ్చేవరకు పని చేసుకోనిచ్చే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కు వేసుకోవచ్చు, ఉద్యోగం ఆగదు. పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు కాబట్టి మళ్ళీ ఇంకో కోర్సులో చేరితే ఇంకొకటి వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఓరుగల్లు అమ్మాయి

ఈసీఏ తీసి చూశాను. 2021 జూన్ తేదీ ఉంది, అంటే ఇంకా అయిదు నెలలే. కాకతీయ విశ్వవిద్యాలయానికి ట్రాన్స్‌క్రిప్టుల కోసం తమ్ముడు సోమవారం వెళుతున్నాడు. ప్రొఫైల్ నిన్న రాత్రి 509తో వేశాను. రైటింగ్ కోసం ఈసారి సెల్పిప్ అనే మరో ఇంగ్లీషు పరీక్షకు కట్టాను, మార్చి మొదటి వారంలో తేదీ దొరికింది. ముప్పైలో ఫ్రెంచి గారూ, మీరు మొదట వాడిన పుస్తకం పేరు వీలైతే చెప్పండి. ముహూర్తం సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు, ఆయనకు మాత్రం మీరు రాసిన 32, 4 లెక్క పంపించాను. "నాలుగే పోనివ్వండి, పరీక్షకు కడుతున్నాను" అని జవాబు వచ్చింది.